వ్యుత్క్రమ చతుష్పాది: తెలిపారా ప్రతికి టీకాతాత్పర్యములు

అవతారిక. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో వాల్తేరు దాకనున్న తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగమును గూడ తనలో కలుపుకొనగా, ఒక్క కంపెనీ పట్టాల వెంటనే ఆంధ్రదేశమునుండి బిలాస్‌పూరు వఱకు కొలువులకై తరలిపోవుట మనవారికి సుకరమయ్యెను. అట్లు పోయిన వారి సంతతిలోని యొక బాలుని నోటుపుస్తకమే ప్రస్తుతగ్రంథమునకు ఏకైకప్రతి. బిలాస్‌పూరులోని తెలిపారా అంగడిలో కొన్నది, అట్ట లేదు, మొదటి పుటపై సమోసా నూనె మరక యున్నను అక్షరములు చెడలేదు. మూలకర్త ట్యూషను మాస్టారు. ఆయన కాలనిర్ణయముతో మనకు పనిలేదు.

మూలము.
పూర్తి అంకె అయితే ఒకటి కింద పెట్టు,
భిన్నం అయితే ఉల్టా చెయ్,
పాయింటు ఉంటే ముందు భిన్నం చెయ్,
సున్నా జోలికి పోకు.

ప్రథమపాదమున అన్వయక్లేశము కలదు. ‘ఒకటి కింద పెట్టు’ అన్నచోట, ఒకటికి క్రిందుగా అంకెను పెట్టుమనియా, లేక అంకెకు క్రిందుగా ఒకటిని పెట్టుమనియా? మొదటి పక్షమున 5 అను సంఖ్యకు 1/5 తిన్నగా సిద్ధించును. రెండవ పక్షమున 5/1 వచ్చును. అది మఱల 5 యే గదా, శ్రమ వ్యర్థము గదా యని శంకింపరాదు. ఈ పక్షమువారు ప్రథమపాదమును ద్వితీయపాదమునకు సన్నాహముగా గ్రహించి, 5/1 ను ఉల్టా చేసి 1/5 నే పొందుదురు. గురువు మనస్సులో ఏ పక్షమున్నను శిష్యునకు మార్కులు తగ్గవు.

ఇక్కడ పూర్వపక్షి యొకడు లేచి, విలోమమన్న −5 కావలెనని వాదించును. 5 తో −5 ను కూడిన సున్న వచ్చుట నిజమే. కాని అది సంకలనవిలోమము. ఏ సంఖ్యతో గుణించిన ఫలము సరిగా ఒకటి యగునో అదియే వ్యుత్క్రమము. ఈ లక్షణమును మూలకర్త ఎచ్చటను చెప్పలేదు. తలక్రిందులు చేయుట ఉపాయమాత్రమనియు, ఒకటి వచ్చుటయే ప్రమాణమనియు తెలుపకపోవుట ఈ గ్రంథమున పెద్ద లోపమని మా యభిప్రాయము. రాబోవు అనర్థములన్నియు దీనినుండి పుట్టినవే.

ద్వితీయపాదమున ‘ఉల్టా’ బిలాస్‌పూరు తెలుగువారి నిత్యవ్యవహారము; ‘తలకిందులు’ అను పాఠాంతరము ఇంటిలో అమ్మమ్మ చదువునది. లవహారములు స్థానములు మార్చుకొనగా 3/4 యనునది 4/3 యగును. భిన్నభాగహారమున భాజకమును ఇట్లు త్రిప్పుట 7వ శతాబ్దమున బ్రహ్మగుప్తుడును, 9వ శతాబ్దమున మహావీరాచార్యుడును చెప్పిన విధియే. ఆ మహావీరుని గణితసారసంగ్రహమును మన పావులూరి మల్లన తెనిగించెను గనుక మాస్టారి వంశవృక్షము చిన్నది కాదు.

మిశ్రభిన్నమున మాత్రము ప్రమాదము. రైలుబండిని ఒక పట్టానుండి వేఱొక పట్టాకు మరల్చు కాంటాలు యార్డులలో తఱచుగా ‘1 ఇన్ 8½’ కొలతవి. ఎనిమిదిన్నర పాళ్లు ముందుకు సాగునప్పటికి ఒక పాలు ప్రక్కకు జరుగునని భావము. ఆ వాలును కనుగొనబోయిన శిష్యుడు తోకను మాత్రమే త్రిప్పి, 1/2 ను 2/1 చేసి, ‘ఎనిమిదియు రెండును పది’ యనును. 8½ ను పదిచేత గుణించిన 85 వచ్చును గాని ఒకటి రాదు! ముందు 17/2 గా మార్చి, పిమ్మట త్రిప్పిన 2/17 లభించును. 1 ఇన్ 16 కాంటా మాత్రము తెలుగువానికి లెక్కయే అక్కఱలేనిది. పదునాఱింట ఒకటి వీసమే గదా.

తృతీయపాదమున ‘పాయింటు’ అనగా దశాంశబిందువు. యార్డులో పాయింట్సుమన్ త్రిప్పెడి పాయింటు కాదు. ఉల్టా యను మాటను చెవిని వేసికొనిన కుఱ్ఱడు 2.5 ను 5.2 గా వ్రాయుట మేము కన్నులార చూచితిమి. వానిని గుణించిన 13 వచ్చును. అందుకే ‘ముందు’ అను పదము: 2.5 ను 25/10 గాను, దానిని 5/2 గాను చేసి, పిదప త్రిప్పిన 2/5, అనగా 0.4. ఫలము నెల్లప్పుడు దశాంశములోనే చెప్పుమని పట్టుపట్టరాదు. 12 నకు వ్యుత్క్రమము 0.08333 అని మూడులు తెగక సాగుచుండును; 1/12 అన్న రెండు సంఖ్యలతో ముగియును.

తాత్పర్యము. ‘ఎన్ని’ యను ప్రశ్నను ‘ఎంతకొకటి’ యను ప్రశ్నగా మార్చునది వ్యుత్క్రమము. కిలోమీటరునకు 1660 స్లీపర్లు పఱచిన మార్గమున, 1/1660 కిలోమీటరునకు, అనగా సుమారు 60 సెంటీమీటర్లకు, ఒకటి వచ్చును. గ్యాంగుమన్ దీనిని కాలి అంగలతోనే ఎఱుగును.

చతుర్థపాదము వేఱొక సిరాతో నున్నది. ప్రక్షిప్తమని కొందఱి యనుమానము. మాకది గ్రంథమున కెల్ల శిరోరత్నము. సున్నచేత భాగించినను సంఖ్య మారదని మహావీరుడు పొరపడెను. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు సున్న హారముగా గల రాశిని ఖహరమని పిలిచి అనంతముతో పోల్చెను. మాస్టారు వాదమునకే దిగలేదు. సున్నను దేనిచేత గుణించినను సున్నయే గాని ఒకటి రాదు గనుక, లక్షణానుసారముగనే దానికి వ్యుత్క్రమము లేదు. ఇంకను శంకించువాడు ‘1 ఇన్ 0’ కాంటాను ఊహించుకొనవలెను: దానిపై బండి వెండ్రుకవాసియైనను ముందుకు సాగక, నిలిచినచోటనే లంబముగా ప్రక్కకు మరలవలసియుండును. బిలాస్‌పూరు యార్డు ఎంత పెద్దదైనను అట్టి కాంటా అందు లేదు.