మొదటి చూపు

2020 జూలైలో కరీంనగర్ వైపు జరిగిన సంగతిది. ఆ వీధికి పనిచేసే ఆశా కార్యకర్త నాకు చెప్పింది.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. వీధిలో ఒకాయనకు కరోనా తేలడంతో రెండు చివర్లా కట్టెలు అడ్డం కట్టి రెడ్ జోన్ అన్నారు. ఆ రాత్రే నొప్పులు మొదలయ్యాయి. ఆశా ఫోన్ల మీద ఫోన్లు చేసి 108 తెప్పించి, తల్లినీ కూతురినీ ఎక్కించింది. తానూ వెంట వెళ్ళింది.

ఆస్పత్రి గేటు దగ్గర నొప్పులు ఎప్పటినుంచి అని అడగలేదు, ఏ వీధి అని అడిగారు. వీధి పేరు చెప్పగానే అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. ముక్కులోంచి శాంపిల్ తీసి, "రిపోర్టు వచ్చేదాకా ఆ బల్ల మీద కూచో" అన్నారు. పరీక్ష కాలేదన్న కారణంతో కాన్పును ఆలస్యం చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి మే 18నే స్పష్టంగా రాసి ఇచ్చింది. ఆ మాట గేటు దాకా చేరలేదు. ఉమ్మనీరు పోయి బల్ల తడిసినాక గానీ ఆ పిల్లను లోపలికి తీసుకుపోలేదు.

తల్లి వెంటపడింది. "బిడ్డా, నేను తలాపున నిలవడి చెయ్యి వట్టుకుంట, అంతే. దానికి తొలుసూరు. బుగులు వడ్తది."

"ఎవ్వర్నీ రానియ్యద్దని ఆర్డరున్నదమ్మా. కరోనా టైము. ఒక్కరొచ్చినా ప్రమాదమే."

పక్కన తనవాళ్ళు ఒకరుంటే నొప్పులు పడే సమయం తగ్గుతుంది, మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుంది. ఇది అమ్మమ్మలకు తెలిసిన సంగతే, పరిశోధనల్లోనూ తేలింది. సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును రానివ్వవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. కరోనా వచ్చాక కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. వ్యాధి ఉన్న తల్లికైనా తోడు ఉండాలనే అన్నది.

తల్లి చివరికి ఒక్కటే బతిమాలింది. మెత్తబడిన తన పాత పచ్చచీర చించి, ఉతికి, ఎండలో ఆరేసి తెచ్చిన గుడ్డను బిడ్డకు చుట్టమని ఇచ్చింది. ఆయమ్మ దాన్ని తీసుకుంది.

వరండా చివరి గదిలో కాన్పు. వచ్చేవాళ్ళంతా నిలువునా తెల్ల పీపీఈ కిట్లలో ఉన్నారు. ముఖాలు కనపడవు. పేరు పెట్టి పిలిచిన మనిషి లేదు. "సస్పెక్టుకు నొప్పులు ఎట్లున్నయి?" అని తలుపు దగ్గరి నుంచే అడిగేవారు. ఆ నర్సులను నేను తప్పుబట్టలేను. కిట్టు ఒకసారి వేసుకుంటే గంటల తరబడి మంచినీళ్ళు లేవు, బాత్రూమ్ లేదు. ఇంట్లో పసిపిల్లలను వదిలి వచ్చినవాళ్ళు వాళ్ళు. కానీ భయం ఎంత ఉన్నా పేరు పెట్టి పిలవడానికి దేనికీ కొరత లేదు కదా.

తెల్లవారుజామున బిడ్డ ఏడుపు వినిపించింది. ఆ పిల్ల తల ఎత్తేలోపే ఎవరో చుట్టుకుని తీసుకుపోయారు. తలుపులో పచ్చగుడ్డ కొంగు ఒక్కటే కనిపించింది.

"ఆడా, మగా?"

"ఆడపిల్ల. నీ రిపోర్టు వచ్చేదాకా నీ దగ్గర ఉంచం. పాపకు అంటుకుంటది."

కరోనా తేలిన తల్లి అయినా సరే, మాస్కు పెట్టుకుని చేతులు కడుక్కుని బిడ్డను ఒంటికి హత్తుకోవచ్చు, చనుబాలు ఇవ్వచ్చు, తల్లీబిడ్డలను ఒకే గదిలో ఉంచాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే చెప్పింది. ఈ పిల్లకు కరోనా అని తేలనైనా లేదు. పాపను బాలింతల వార్డులో మిగతా పసికందుల పక్కన పడుకోబెట్టి డబ్బాపాలు పట్టారు. మూడో రోజుకు ఇక్కడ ఈ పిల్లకు రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. జ్వరం చూసి అందరూ ఇంకా దూరం జరిగారు. కిటికీలోంచైనా ఒక్కసారి చూపించమని అడిగింది. ఆయమ్మతో ఫోన్లో ఫొటో అయినా తీయించమంది. రూల్ ఒప్పుకోదన్నారు.

ఆ మధ్యాహ్నం బయట కార్లు ఆగిన చప్పుడు, కేకలు. బాలింతలకు కిట్లు పంచడానికి పెద్దలు వచ్చారని ఆయమ్మ చెప్పిపోయింది.

మర్నాడు పొద్దున అదే ఆయమ్మ లోపలికి వచ్చింది, చేతిలో పేపరు. "నీ బిడ్డ పేపర్ల వడ్డదే! సూడు, ఎంత ముద్దుగున్నదో."

జిల్లా పేజీలో పెద్ద ఫొటో. పచ్చచీర గుడ్డలో పాప, ఓ నాయకుడి చేతుల్లో ఉంది. ఆయన మాస్కు గడ్డం కిందికి ఉంది. భుజం మీదుగా వంగినవాళ్ళు, వేలితో బుగ్గ తాకుతున్నవాళ్ళు, పక్క నుంచి మెడలు చాపినవాళ్ళు.

ఆ పిల్ల పాప ముఖం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఆ వేలినే ఒక్కో తల మీదికి జరుపుతూ లెక్కపెట్టింది. పదకొండు మంది.

"అక్కా, వీళ్ళందరి రిపోర్టులు వచ్చినయా?"