పిల్లల కన్నీళ్లకు ఇవ్వకూడని సలహాలు

“పెళ్లి చేసేయండమ్మా, అన్నీ సర్దుకుంటాయి.”

మా చెల్లెలి కూతురు హాస్టల్లో ఇంకో అమ్మాయిని ప్రేమించానని చెప్పి అన్నం మానేసినప్పుడు, నేను తీసుకెళ్లిన కౌన్సెలర్ చెప్పిన మాట ఇది. ఆ అరగంటలో పిల్లను అడిగినవి రెండే ప్రశ్నలు. రెండింటికీ మా చెల్లెలే జవాబు చెప్పింది. పిల్ల చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆ సలహా విని నా మనసు తేలికపడింది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఆ పెళ్లిలో ఏ పాపమూ ఎరగని ఇంకో మనిషి బతుకు కూడా చిక్కుకుంటుంది. పైగా జబ్బే కానిదానికి మందేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. 2018లో మన దేశపు సైకియాట్రిస్టుల సంఘమూ అది జబ్బు కాదని స్పష్టంగా చెప్పింది.

“మార్చే డాక్టర్లు ఉన్నారట” అనే మాట ఇంకా ప్రమాదం. ఒకరినొకరు ప్రేమించుకున్న మదురై అమ్మాయిలిద్దరు పెద్దలకు భయపడి చెన్నై చేరారు. వాళ్ల కేసు మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకొచ్చింది. ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని, ఆయన స్వయంగా ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2021 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఈ ‘మార్పిడి’ వైద్యాన్ని నిషేధించమన్నారు. మరుసటి ఏడు నేషనల్ మెడికల్ కమిషన్ కూడా అలా చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పేనని తేల్చింది. అంత పెద్ద కుర్చీలో ఉన్న ఆయనే నేర్చుకోగా లేనిది, పెద్దమ్మలం మనకు నామోషీ ఎందుకు?

“ఆడది కాస్త సర్దుకుపోవాలి” అన్నదీ ఆ తానులో ముక్కే. దిగులుతో వచ్చిన కోడలి తలలో ఏం తేడా ఉందని వెతకడం కాదు, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అడగాలి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? పుట్టింటికి ఫోన్ చేయాలంటే ఎవర్ని అడగాలి? అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగులుతుంది? అవమానించడం, చేతికి డబ్బు ఇవ్వకపోవడం కూడా హింసేనని 2005 గృహహింస చట్టమే చెబుతోంది.

“లోపల ఏం మాట్లాడిందో మాకు చెప్పండి” అని డాక్టరును నిలదీయకండి. ఆ గోప్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు.

అపాయింట్‌మెంట్ తీసుకునేముందే ఫోన్లో అడగండి: “స్వలింగ ప్రేమను, ట్రాన్స్ పిల్లల్ని మీరెలా చూస్తారు? మార్చాలని చూస్తారా? ఇంట్లోవాళ్లకు చెప్పేస్తారా?” నసిగితే ఇంకొకరిని వెతకండి. రాత్రివేళ దుఃఖం పట్టలేనప్పుడు ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మేం తర్వాత వెళ్లిన కౌన్సెలర్ మమ్మల్ని బయట కూర్చోమన్నారు. గంట తర్వాత మా పిల్ల కళ్లు వాచిపోయి బయటికొచ్చింది. “పెద్దమ్మా, ఆకలేస్తోంది” అంది. వీధి మలుపులో ఉన్న టిఫిన్ సెంటర్లో ప్లేటు ఇడ్లీ తిని, ఇంకో ప్లేటు చెప్పమంది.