పురిటికి పుట్టింటికి

నేను ఆడ ఎలిఫెంట్ సీల్‌ని. ఏడాదిలో ఎక్కువ కాలం పసిఫిక్ మహాసముద్రంలో ఒంటరిగా తిరుగుతాను. ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి, వెలుగు చేరని లోతుల్లో చేపల్ని, స్క్విడ్‌లని వేటాడతాను. చలికాలం వచ్చిందంటే మాత్రం పురిటికి పుట్టింటికి చేరతాను. శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన, హైవే 1 పక్కనున్న ఆన్యో నువేవో స్టేట్ పార్క్ తీరమే నా పుట్టిల్లు.

ఒకప్పుడు మా వంశమే అంతరించబోయింది. 19వ శతాబ్దంలో మా కొవ్వు నుంచి తీసే నూనె కోసం మనుషులు మమ్మల్ని ఊచకోత కోశారు. మెక్సికోలోని గ్వాడలూపె దీవిలో వందలోపే మిగిలాం. 1922లో మెక్సికో మమ్మల్ని చంపకూడదంది. తర్వాత అమెరికా కూడా అదే బాట పట్టింది. మావాళ్లు మెల్లగా ఉత్తరానికి సాగి, 1955లో ఆన్యో నువేవో దీవి మీద కనిపించారు. 1961లో ఆ దీవి మీద, 1975లో ఈ ఒడ్డున తొలి కాన్పులు జరిగాయి. నేడు మేం లక్ష దాటాం.

మొన్న జనవరిలో నేను నల్లటి బొచ్చుతో ఉన్న నా పసిగుడ్డుకి పాలిస్తున్నాను. ముందు రెక్కతో ఇసుక తోడి వీపు మీద చల్లుకుంటుంటే, వాలంటీరు వెంట ఒక తెలుగు కుటుంబం ఇసుక దిబ్బలు దాటి వచ్చింది. నాలుగు వారాలు పాలిచ్చినన్నాళ్లూ నేనేమీ తిననని వాలంటీరు చెప్పాడు.

"బాలింతరాలు పస్తుండడమేమిటే తల్లీ!" అంది చీర మీద స్వెట్టర్ వేసుకున్న పెద్దావిడ.

"ఒంట్లో దాచుకున్న కొవ్వే పాలవుతుందట అమ్మమ్మా. నెల తిరక్కుండానే పిల్ల మూడింతలు పెరుగుతుందట" అంది మనవరాలు.

మనవరాలి తండ్రి ఫోటో కోసం రెండడుగులు ముందుకేశాడు. "అక్కడే ఆగు బాబూ, పచ్చి బాలింత, బెదురుతుంది" అని ఆవిడే ఆపింది. ఆ తల్లికి నా మనసు తెలిసింది. మనుషులు దగ్గరికొస్తే మేం బెదిరి కదులుతాం. ఆ తోపులాటలో తల్లీబిడ్డా విడిపోతే, పాలు లేక బిడ్డ చచ్చిపోతుంది. రెండు టన్నుల మగ సీల్ ఉరికితే దాని కింద పడి నలిగిపోతుంది.

డిసెంబరు మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా గైడ్ వెంట నడిచి మమ్మల్ని చూడొచ్చు. పిల్లల్నీ, పెద్దల్నీ వెంటబెట్టుకుని రండి. ఇరవై అయిదు అడుగుల దూరంలోనే ఆగండి. మీ చేతుల్లో చావబోయిన మేం, మీరు చెయ్యి వెనక్కి తీసుకున్నందుకే బతికాం. ఇకపైనా ఆ మాట మీదే ఉండండి.