కాకిలెక్కల గడ్డివాము

23 కోట్ల టన్నులు! దేశంలో ఏటా అందరూ వాడుకోగా మిగిలే పంట వ్యర్థాలకు, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కోసం హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కట్టిన లెక్క ఇది. కరెంటుగా మారిస్తే 28 వేల మెగావాట్లట. బయోమాస్ మీద థీసిస్ రాసేవాడికి ఆ లెక్కతో మొదటి పేరా బాధ తీరిపోయింది. ప్రాజెక్టు రిపోర్టు రాసే కన్సల్టెంటూ వినాయకుడికి మొక్కినట్టు ముందు ఆ అంకెకు మొక్కాకే పని మొదలెడతాడు.

ఇలాంటి అంకెలు సాధారణంగా పుట్టే తీరు ముచ్చటగా ఉంటుంది. టన్ను వడ్లకు టన్నున్నర గడ్డి, రెండు వందల కిలోల ఊక అని ఒక నిష్పత్తి. మేతకు ఇంత పోతుందని ఇంకో నిష్పత్తి. జిల్లా దిగుబడిని గుణిస్తే గడ్డివాము సిద్ధం. కాగితం మీది వామును కోత మిషన్ నుగ్గు చేయదు, దాళ్వా తొందరలో రైతు తగలబెట్టడు, ఇటుక బట్టీవాడు ఊక ధర పెంచడు.

ఇలా గుణించింది కాదు, నిజంగా కొలిచిన సమాచారం ఉమ్మడి డేటాబేస్‌లో ఉండాలని సెమినార్లలో అందరిదీ ఒకే మాట. ఇవ్వాల్సింది మాత్రం పక్కవాడు. ప్రొఫెసర్‌గారిది ఇంకా "పరిశోధన దశలో" ఉంది. కంపెనీది వ్యాపార రహస్యం. గడ్డిలోని పొటాషియం, క్లోరిన్, సిలికా ఏం చేస్తాయో బాయిలర్ గొట్టాలకు ఎప్పుడో తెలుసు, ఇక రహస్యమేమిటి? కరిగి గాజులా అంటుకున్న బూడిదను ప్లాంటువాళ్లు సుత్తులతో రాల్చుకుంటారు. ఏ ఊరి గడ్డికి ఎంత అంటిందో ఎక్కడా రాయరు. పక్క జిల్లాలో కొత్త ప్లాంటు అదే గడ్డి కొంటుంది, ఆనక అవే సుత్తులూ కొంటుంది.

పోనీ, ఎవరో పెద్ద మనసుతో పంచిన ఒక డేటా వరుస చూద్దామా? "వరిగడ్డి: బూడిద 17 శాతం." అంతే. ఏ రకం వరి? తేమతో తూచారా, ఆరబెట్టా? వానకు తడిసిందా? తడిస్తే పొటాషియం, క్లోరిన్ చాలావరకు కడుక్కుపోతాయి మరి. గడులన్నీ ఖాళీ. గడ్డి మోపులు కట్టే బేలర్ గీకి తెచ్చిన మట్టి కూడా వరి ఖాతాలోనే పడింది. ఆ 17ను నలుగురు ఎత్తిరాస్తారు. అయిదోవాడు నలుగురి సగటు తీస్తాడు. పదిహేడే వస్తుంది! ఫలితాలు అద్భుతంగా ఏకీభవించాయని పేపరు వేసేస్తాడు.

నెదర్లాండ్స్ వాళ్ల ఫిల్లిస్ డేటాబేస్‌లో ఒకే నమూనాకు తడి లెక్క, పొడి లెక్క, బూడిద తీసేసిన లెక్క విడివిడిగా కనిపిస్తాయి. అమెరికాలో ఇడాహో జాతీయ ప్రయోగశాల ఒక్కో నమూనాకు గుర్తింపు సంఖ్య ఇచ్చి, ముక్కలు చేసినా పొడి కొట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు రాసిపెడుతుంది. పెళ్లిచూపుల్లో ఏడు తరాలు తవ్వే మనకు గడ్డి దగ్గరే ఎక్కడలేని మొహమాటం.

గ్రాంట్లు ఇచ్చేవాళ్లు ఒక్క షరతు పెట్టి చూడాలి: కొలతలూ, కొలిచిన పద్ధతీ ఉమ్మడి డేటాబేస్‌లో పడ్డాకే ఆఖరి వాయిదా డబ్బు. "పరిశోధన దశ" ఒక్క రాత్రిలో ముగుస్తుంది.