సుగ్గికి పోయిన సగటు

రైతు ఆదాయం 2022 నాటికి రెట్టింపవుతుందన్న మాట 2016లో బరేలీ సభలో పుట్టింది. గడువు రానే వచ్చింది. ఏమైందయ్యా అంటే, భారత వ్యవసాయ పరిశోధన మండలి 75 వేల మంది రైతుల విజయగాథలు సంకలనం చేసి చేతిలో పెట్టింది. స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు గనక 75 వేల మంది. వందేళ్ల పండక్కి లక్ష మందిని ఇప్పటినుంచే వెతుక్కోవాలి. ఆదాయం కొలిచే జాతీయ నమూనా సర్వే మాత్రం అప్పటికి 2018-19 దగ్గరే ఆగి ఉంది. బాగుపడ్డవాళ్లను ఏరి, బాగుపడ్డారా అని అడగడంలో ఒక సుఖముంది. జవాబు తప్పే ప్రసక్తే లేదు.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఒకటి నిజంగానే దాదాపు రెట్టింపైంది. 2012-13లో దేశంలో సగటు రైతు కుటుంబానికి నెలకు కూలి మీద వచ్చింది 2,071 రూపాయలు. 2018-19లో 4,063. పంట మీద వచ్చింది 3,081 నుంచి 3,798కి పాకింది. పెరిగిన ధరలు లెక్కేస్తే అది పాకడం కాదు, జారడం. పంటా కూలీ పాడీ అన్నీ ఒకే బుట్టలో పోసి, 10,218 అని తేల్చి, రైతు ఆదాయమన్నారు. ఇంటి విత్తనం, ఇంటి ఎరువు లాంటివాటికి వెలకడితే అదే సగటు 8,337కి దిగుతుందని ఆ సర్వేలోనే ఉంది. ఆ అంకెను మాత్రం ఏ సభలోనూ మైకు ముందుకు రానివ్వరు.

ఈ బుట్ట మహిమ కర్నూలు పడమటి పల్లెల్లో చూడాలి. కోసిగి, కౌతాళం వైపు పత్తి ఎండితే జనం ఇంటికి తాళమేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. పరాయి చేలో కోసిన కాయలకొచ్చిన కూలి, కాగితం మీద కోసిగి రైతు ఆదాయం! కరువొచ్చిన ఏడే మనవాడు వృద్ధిలోకొస్తాడన్నమాట.

ఆ సర్వేలో జిల్లాకొక అంకె అడిగితే దొరకదు. రాష్ట్రం మొత్తానికి 10,480. గోదావరి కాలువ కింద వరిమడికీ, ఆలూరు మెట్టచేనుకూ, పులివెందుల చీనీతోటకూ అదే. అప్పు దగ్గర మాత్రం మనకు ప్రత్యేక గౌరవం దక్కింది. అదే సర్వేలో రైతు కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉండి, ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది.

మైదుకూరులో ఏ ఎరువుల కొట్టాయన్నయినా అడగండి. ఏ ఇంట్లో పసుపు ఎన్ని బస్తాలైంది, ఎంతకు పోయింది, బాకీ పోను ఏం మిగిలింది, కొడుకు ఏ ఊళ్లో కూలికున్నాడు, అన్నీ నూలుదారం కట్టిన నోటుబుక్కులో ఉంటాయి. అప్పిచ్చినవాడు గనక ఏటా సర్వే చేయక తప్పదాయనకు. గణాంక శాఖ పెద్దలు ఆయన గల్లాపెట్టె పక్కన ఒక్క సీజను కూర్చుంటే, పంటనూ కూలినీ వేర్వేరు పేజీల్లో రాయడమైనా అబ్బుతుంది.