ఆదివారం ఎవరిది?

మా రోజుల్లో ఒకణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే యజమానికి కూడా నానా తంటాలుండేవి నాయనా. మెమో ఇవ్వాల, సంజాయిషీ అడగాల, ఛార్జిషీటు రాయాల, ఎంక్వైరీ పెట్టి సాక్షులను పిలిపించాల. సస్పెండు చేస్తే మొదటి తొంభై రోజులు సగం జీతం, ఆ తర్వాత ముప్పాతిక జీవనభృతి కట్టాల. ఇప్పుడేముంది? ఆదివారం రాత్రి సంకటి తిని పడుకున్నవానికి సోమవారం పొద్దున కంప్యూటరు తెరుచుకోదు. కాగితం లేదు, మనిషి లేడు, మాట లేదు.

మా మనవడికి దాదాపు అదే అయింది. బెంగళూరులో పని. జాతరకని ఊరికొచ్చి, రచ్చబండ మీద నిలబడి, చెరువుకు నీళ్లు ఎప్పుడిస్తారని నలుగురు పిల్లోళ్లతో కలిసి అరిచినాడు. శెనక్కాయ పంట ఎండిపోతాంటే అరవకుండా ఎవరుంటారు మా సీమలో? ఎవరో ఫోన్లో పట్టినారు. అది తిరిగి తిరిగి వాళ్ల ఆఫీసుకు చేరింది. కంపెనీ పరువు పోయిందంట. నువ్వే రాజీనామా రాసిస్తే అనుభవం సర్టిఫికెట్టు ఇస్తాం, లేకుంటే తీసేస్తాం అన్నారంట. వీడు రాసిస్తానని కూర్చున్నాడు. ఒరేయ్, రాజీనామా రాస్తే వాళ్లు తీసేసినట్టు కాదు, నువ్వే పోయినట్టు! రేపు ఏ లేబర్ ఆఫీసుకు పోయి ఏమని చెప్పుకుంటావు?

నాకూ ఒకప్పుడు ఇట్లాంటిదే వచ్చింది. 1978లో మా ఊర్లో ఉగాదికి కురుక్షేత్రం ఆడినాము. నేను దుర్యోధనుణ్ణి. పెట్రోమాక్స్ దీపాలు, తెల్లారేదాకా పద్యాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకొని జనం. అట్లా పాడే గొంతులు ఇప్పుడు యాడున్నాయి? సరే, ఆ తెల్లారుజామున నేను పనిచేసే మిల్లు సూపర్‌వైజరుకూ నాకూ మాటా మాటా పెరిగి చెయ్యి చేసుకున్నాము. ఆయనదీ మా ఊరే. మూడో రోజు నాకు మెమో. గుండె జారిపోయింది, ఇంట్లో ముగ్గురు పిల్లలు. యూనియన్ పెద్దమనిషి నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయి, అద్దాల పెట్టెలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అతికించిన స్టాండింగ్ ఆర్డర్లు, అంటే మిల్లు నియమాలు, చదివించినాడు. 1946 చట్టం ప్రకారం గేటు దగ్గర అట్లా పెట్టాల్సిందే. క్రమశిక్షణ తప్పడమంటే మిల్లు ఆవరణలో అని స్పష్టంగా ఉండాది. మా ఊరి నాటకం అరుగు మిల్లు ఆవరణ కాదుగదా! ఎంక్వైరీ అక్కడితో ఆగింది. సూపర్‌వైజరు నన్ను ముఖం మీదే తిట్టినాడు, నేనూ తిట్టినాను, వారం తిరక్కుండా ఒకే బెంచీ మీద టీ తాగినాము.

ఎనభైల మొదట్లో గ్లాక్సో కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. సమ్మెలో బయట దారిలో జరిగిన గొడవకు ఆవరణ గురించి రాసిన నిబంధన సాగదీయకూడదని. పనికీ ఆ చేష్టకూ సంబంధం చూపించాల. మన గుత్తిలో చదువుకున్న ఓ.చిన్నప్పరెడ్డి గారు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా 1983లో ఇంకో మాట తేల్చినారు. మధ్యప్రదేశ్‌లో ఒక బడిపంతులు అంతకుముందు ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ పనుల్లో తిరిగినాడని పోలీసులు రాస్తే ఉద్యోగం తీసేసినారు. అట్లా మనుషుల పాత అభిప్రాయాలను తవ్వి కూడు తీయడం మన రాజ్యాంగానికి పడదన్నారాయన. మన గుత్తి కోట కింద బడికి పోయిన పిల్లోడు చెప్పిన మాటరా అది! మీ ఫోన్లలో అది ఎవరికైనా కనిపించిందా?

మా కాలమంతా బంగారమని చెప్పను, అబద్ధమవుతుంది. 1958లో అచ్చయిన తీర్పుల్లో బాలకోటయ్య కేసు చూడండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కమ్యూనిస్టు పార్టీతో సంబంధమని పని తీసేస్తే సుప్రీంకోర్టు కూడా సరేనంది. పార్టీలో చేరే స్వేచ్ఛ ఉంది, సర్కారు ఉద్యోగంలో ఉండే హక్కు మాత్రం లేదంది. ప్రభుత్వ ఉద్యోగికైతే 1964 ప్రవర్తనా నియమాలు ఇంటిదాకా వస్తాయి, భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే తప్పే. అదీ న్యాయమే. తోటి ఉద్యోగిని మీద ఆదివారం చెయ్యేసి, ఆదివారం నాదే అనేవాణ్ణి నేనూ వెనకేసుకురాను. శిక్ష ఎక్కువైతే తగ్గించే అధికారం లేబర్ కోర్టుకు 1971లో గానీ రాలేదు. దానికోసం కొట్లాడినోళ్లు చాలామంది పోయినారు, పేర్లు కూడా మిగల్లేదు.

ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడు. స్టాండింగ్ ఆర్డర్లు నూరుమంది ఉన్న చోట ఉండేవి, ఇప్పుడు మున్నూరు మంది ఉండాలంట. తీసేసినవాడు లేబర్ కోర్టుకు పోవడానికి గడువు మూడేళ్లు ఉండేది, రెండేళ్లకు కుదించినారు. కర్ణాటకలో ఐటీ కంపెనీలకైతే ఆ 1946 చట్టం నుంచే ఏళ్ల తరబడి మినహాయింపు ఇచ్చుకుంటూ వచ్చినారు. మీకు పెద్ద పెద్ద హోదాల పేర్లు పెట్టి, మీరు కార్మికులు కాదంటారు. హోదా పేరు కాదురా, చేసే పని చూస్తుంది చట్టం. ఐదేళ్లు నిండిన గ్రాట్యుటీని కూడా బయట ఏదో చేసినావని ఊరికే కోసెయ్యడానికి లేదు. ఇవేవీ అడగరు మీరు. గంటలో రాజీనామా కొట్టేసి, సాయంత్రానికి ఇంకో ఉద్యోగం వెతుక్కుంటారు. మేము ఒక్క మెమోకు పదిరోజులు నిద్రపోకుండా సంజాయిషీ రాసేవాళ్లం.

నిన్న రాత్రి బుడ్డలు ఒలుచుకుంటూ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నా. మెయిల్ అయితే మెయిల్ పంపు, కానీ పంపు అన్నాను. ఏ నిబంధన కింద, ఏ తేదీన, నేను ఏం తప్పు చేసినానో రాసివ్వండి, నా మాట వినండి అని. వాడు, "జేజినాయనా, వాళ్లు జవాబియ్యకుంటే?" అన్నాడు. మళ్లీ రాయి, కాపీ పెట్టుకో, అయినా ఇయ్యకుంటే లేబర్ ఆఫీసుకు పోదాం, నేనూ వస్తా అన్నాను. ఫోన్లో మూడు వాక్యాలు కొట్టినాడు. తేదీ మర్చిపోయినాడు. అదీ నేనే వేయించినా.