35 డిగ్రీల లోపు మనుషులకు మాత్రమే

స్మార్ట్‌ఫోన్ అనేది నంద్యాల జిల్లాలో ఏడాదికి సుమారు నాలుగు నెలలు వాడకూడని వస్తువు. గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదిది, తయారీదారులే రాసిపెట్టారు. చుట్టూ వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నచోటే ఐఫోన్‌ను వాడాలని యాపిల్ చెబుతుంది. నంద్యాల ఆ గీతను మార్చిలో దాటుతుంది, జూన్‌లో నాలుగు చినుకులు పడేదాకా వెనక్కి రాదు. మేలో 44 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. కాబట్టి నిబంధనలు పాటించే వినియోగదారుడు ఉగాది పచ్చడి తిని ఫోన్‌ను బీరువాలో పెట్టాలి, ఏరువాకనాడు బయటికి తీయాలి. బీరువాకూ ఒక షరతుంది: ఆఫ్ చేసి దాచిన చోట కూడా 45 డిగ్రీలు దాటకూడదు. రేకుల ఇంట్లో ఉన్న బీరువా గురించి ఆ కాగితం ఏమీ అనలేదు.

షరతుకు కారణం లేకపోలేదు. లిథియం అయాన్ బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుంది. అందుకే ఫోన్ తనను తాను కాపాడుకుంటుంది: చార్జింగ్ ఆపేస్తుంది, వేగం తగ్గిస్తుంది, తెర మసకబారుస్తుంది. ఎండలో తెర కనిపించక మనిషి అవస్థపడే ఘడియనే మసకబారడానికి ఎంచుకోవడం ఇందులోని విశేషం. సన్నగా ఉందని, వీపు అద్దంలా మెరుస్తోందని కొన్న ఫోన్‌కు అదే రోజు వంద రూపాయల రబ్బరు కవరు తొడుగుతారు, పడితే పగులుతుందని. సన్నదనం పోతుంది, మెరుపు పోతుంది, వేడి మాత్రం కవరు లోపలే ఉంటుంది.

ఏసీ కథ కూడా 35 దగ్గరే మొదలవుతుంది. పెట్టె మీద రాసిన టన్నున్నర సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు పెట్టుకుని కొలుస్తారు. బయట 44 ఉన్నప్పుడు అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వలేదు, కరెంటు మాత్రం ఇంకాస్త ఎక్కువే తాగుతుంది. స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. ఇళ్లలో ఆ 24 నిలిచేది రిమోట్ చేతికి దొరికేదాకే. తర్వాత 18. అది గదికి వచ్చే చల్లదనం కాదు, యజమాని మొక్కుకునే మొక్కు. గది 27 దగ్గర మొరాయిస్తుంది, రిమోట్ మీద 18 కదలకుండా ఉంటుంది, డబ్బు పెట్టినవాడు ఆ అంకె చూసి చల్లబడతాడు.

వేడి ఒక్కటే కాదు, వాడే చేయి కూడా యంత్రానికి నచ్చాలి. నంద్యాల నుంచి కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. ఇక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఇక్కడ చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లకో లారీలెక్కి వెళతారు. ఉలి, సుత్తి, వాటికి తోడు ఇప్పుడు కటింగ్ మిషన్, చుట్టూ రాతిపొడి. ఈ పనిలో ఏళ్లు గడిపిన చేతి వేళ్ల మీద గీతలు అరుగుతాయి, చర్మం మొద్దుబారి ఎండుతుంది. ఫోన్‌లోని వేలిముద్ర సెన్సర్ వెతికేది ఆ గీతల మిట్టపల్లాలనే. రాయికి కనుముక్కు తీర్చే వేలు దాని లెక్కలో పరాయి వేలు. వేలు తుడిచి మళ్లీ పెట్టమని సలహా ఇస్తుంది. తుడిస్తే పోయేది దుమ్ము, వచ్చేది గీత కాదు.

ఫోన్ తెరవకపోతే నాలుగంకెలు నొక్కి తెరవొచ్చు. రేషన్ షాపులోనో పెన్షన్ దగ్గరో వేలు పడకపోతే సంగతి వేరు. తాపీ మేస్త్రీ, పత్తి ఏరే మనిషి, బండెడు అంట్లు తోమే ఇల్లాలు, అందరూ ఆ వేలిని నుదుటికో తలనూనెకో రుద్ది మళ్లీ మళ్లీ పెడతారు. తర్వాత కనుపాప వచ్చింది, ఆ తర్వాత ముఖం వచ్చింది. కెమెరా ముందు కళ్లార్పమంటుంది. శుక్లాలున్న ముసలమ్మ ఆర్పుతుంది, వెలుతురు చాలదంటుంది. ఇన్నిటిలోనూ గమనించాల్సింది తప్పు ఎవరి ఖాతాలో పడుతోందన్నది. తెర మీద వచ్చేది ‘వేలిముద్ర సరిపోలలేదు’ అనే మాటే. యంత్రానికి చదవడం రాలేదని యంత్రం ఎప్పుడూ ఒప్పుకోదు.

వంటింట్లోనూ ఇదే ధోరణి. ఇండక్షన్ స్టవ్వు మీద తిప్పే పిడి పోయి నున్నటి అద్దం వచ్చింది, తుడుచుకోవడానికి బాగుంటుందని. తడిచేత్తో, పిండిచేత్తో ముట్టుకుంటే అది వినదు. వంట పొడిచేత్తో చేస్తారని అనుకున్నవారు ఎన్నడూ దోసె పోసి ఉండరు.

ఈ చోట రోలును తలుచుకోవడం పత్రికా రచయితలకు అలవాటు. రోలుకు వారంటీ లేదు, అప్‌డేట్ లేదు, నున్నబడితే కక్కు కొట్టేవాళ్లు వీధిలోకే వచ్చేవారు. అంతా నిజమే. అయితే రోలును పొగిడేవారిలో రుబ్బినవారు తక్కువ. భుజాలు పోయేలా పప్పు రుబ్బిన ఏ ఇల్లాలూ మిక్సీని వెనక్కివ్వమంటే ఇవ్వదు. మిక్సీ గంట పనిని ఐదు నిమిషాలు చేసింది, బదులుగా మోత పెట్టింది, పచ్చడి రుచి కొంత తగ్గించింది. ఆ బేరం తెలిసి చేసుకున్నది. వేలు పడని సెన్సర్‌కు, ఎండకు నీరసించే ఫోన్‌కు మాత్రం బేరమాడే అవకాశం ఎవరికీ రాలేదు.

వాడే చోటును చూసి వస్తువు చేయడం రాని విద్యేమీ కాదు. 2003లో వచ్చిన నోకియా 1100ను భారత్ లాంటి దేశాలను దృష్టిలో పెట్టుకునే చేశారు. దుమ్ము దూరని కీప్యాడ్, చెమట చేతిలో జారని అంచులు, కరెంటు పోతే టార్చిలైటు, గోటితో మూత తీసి మార్చుకునే బ్యాటరీ. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడయింది. సన్నగా లేదు, అద్దంలా మెరవలేదు.

ఇప్పటి బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది. మార్చాలంటే వేడిగాలి ఊది జిగురు కరిగించాలి. మే నెలలో నంద్యాల రిపేరు షాపులకు ఆ ఖర్చు మిగిలే అవకాశం ఉంది. బాగుచేయించుకునే హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో ఒక కమిటీ వేసింది. ఏ వస్తువు ఎంత సులువుగా బాగుపడుతుందో మార్కులేసే పద్ధతి కోసం 2024లో ఇంకోటి వేసింది. కమిటీలకు మాత్రం రిపేరు అవసరం పడదు, కొత్తవే వస్తాయి. ఐరోపాలో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను కొన్నవాడే విప్పి మార్చుకోగలగాలి. నీళ్లు దూరకుండా, వెయ్యి చార్జింగులకూ 80 శాతం సత్తా నిలుపుకునే ఫోన్లకు అందులోంచి తప్పించుకునే దారి ఉంచారు. ఆ దారి వెంట పెద్ద కంపెనీలు ఇప్పటికే వరసలో నిలబడి ఉంటాయని అనుకోవచ్చు.